చీటీ డబ్బులతో లాప్‌టాపు

ఇంట్లో ఒక డాక్టరుంటే చుట్టాలందరి స్కానింగు రిపోర్టులూ ఆయన వాట్సాపుకే వస్తాయి. లాయరుంటే పొలం గట్టు తగాదాలన్నీ ఆయన గుమ్మంలోనే తెల్లారతాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వాళ్ళకంటే కొంచెం అదృష్టవంతుడు, వాడికి ఏడాదికి ఒకటే సీజను. ఎంసెట్ కౌన్సెలింగు మొదలయ్యిందంటే (పేరు ఈఏపీసెట్ అని మార్చి ఇన్నేళ్ళయినా మన నోట్లో ఎంసెట్టే కదా) ఫోన్లు మొదలు. "బాబూ, మావాడికి సీటొచ్చింది. లాప్‌టాపు కొనాలంట. ఏది మంచిది?"

మనం ఆఫీసులో చేసేది ఏదో బ్యాంకు వాళ్ళ కోడ్‌లో బగ్గులు ఏరుకోవడం. లాప్‌టాపుల మార్కెట్టుకీ మనకీ సంబంధం లేదు. అయినా వాళ్ళ దృష్టిలో మనం "కంప్యూటర్లలో ఉండేవాళ్ళం". కాబట్టి చెప్పాలి. చెప్తాం కూడా. ఎలా చెప్తాం? మీటింగ్ మధ్యలో మ్యూట్ నొక్కి, ఆన్‌లైన్ షాపులో "బెస్ట్ సెల్లర్" అని రాసున్న దేన్నో ఒకదాని లింకు పంపించేసి చేతులు దులుపుకుంటాం. అవతలివాళ్ళు ఆ లింకుని డాక్టరు చీటీలాగా పట్టుకుని కొనేస్తారు.

నేనెప్పుడూ అనేదేంటంటే, ఆ అరగంట మనం పెట్టకపోతే పోయేది మన డబ్బు కాదు గానీ, పోయేది మాత్రం నిజం డబ్బే. అందుకే కిందటేడాది, అంటే 2025 జులైలో, మా పిన్ని కూతురికి లాప్‌టాపు కొన్న సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా బాబాయి చీరాలలో ఆటో నడుపుతాడు. పిన్ని ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. చెల్లికి గుంటూరు దగ్గర ఒక కాలేజీలో సీఎస్ఈ సీటొచ్చింది. ఫీజు సంగతి అలా ఉంచితే, లాప్‌టాపు కోసం పిన్ని చీటీ పాడింది. నెలకి 2 వేల చొప్పున 25 నెలల చీటీ, అంటే 50 వేలది. పాటలో తగ్గించుకుని పాడితే చేతికొచ్చింది 40 వేలు. ఇంకా 14 నెలలు కంతులు కట్టాలి. మనం లాప్‌టాపు గురించి మాట్లాడేటప్పుడు "బడ్జెట్ ఎంత?" అని అడుగుతాం. వాళ్ళు "నలభై" అంటారు. ఆ నలభై వెనకాల ఇంత కథ ఉంటుందని మనకి గుర్తుండదు. ఉన్న డబ్బులోంచి తీసిపెట్టిన నలభై వేరు, రాబోయే డబ్బుని ముందే తెచ్చుకున్న నలభై వేరు.

బాబాయి దగ్గర అప్పటికే రెండు సలహాలున్నాయి. మొదటిది కాలేజీ వాళ్ళ కాగితం. ఫస్టియర్ పిల్లలందరూ కోర్ ఐ7, 16 జీబీ ర్యాము, 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాపు తెచ్చుకుంటే మంచిదని అందులో రాసుంది. ఎవరు రాశారో గానీ, ఆ కొలతలకి సరిపోయేది అప్పటికి 80 వేలకి తక్కువ లేదు. ఫస్టియర్లో ఉండేది సీ ప్రోగ్రామింగు, కాస్త పైథాను, మిగతాదంతా లెక్కలూ ఫిజిక్సూనూ. "హలో వరల్డ్" అని తెరమీద రాయించడానికి 6 జీబీ గ్రాఫిక్స్ కార్డెందుకో నాకయితే అర్థం కాలేదు.

రెండోది వాళ్ళూళ్ళో షాపతను చెప్పింది. 36 వేలకి కొత్త లాప్‌టాపు. బ్యాగు ఫ్రీ, మౌసు ఫ్రీ, ఏడాది యాంటీవైరస్ ఫ్రీ. బాబాయికి ఇదే నచ్చింది. నాకు ఫోటో పంపించి, "పెట్టె కూడా విప్పనిదిరా, సీలు మీద సీలు" అన్నాడు. మోడల్ నంబరు పట్టుకుని చూస్తే, అందులో 8 జీబీ ర్యాము మదర్‌బోర్డుకే అతికించేసి ఉంది, ఇంకో ర్యాము పెట్టుకోవడానికి చోటు లేదు. అంటే కొన్నరోజు ఎంతో, ఫైనలియర్లోనూ అంతే.

ఇక్కడే అసలు విషయం చెప్పాలి. కాలేజీ విద్యార్థికి "చవక" అంటే కొన్నరోజున ధర తక్కువ కావడం కాదు. నాలుగేళ్ళలో మళ్ళీ ఇంకోసారి చీటీ పాడాల్సిన పని పడకపోవడం. నా మటుకు నాకు లెక్క ఇదొక్కటే. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే మిగతా ప్రశ్నలన్నిటికీ సమాధానాలు వాటంతటవే వస్తాయి.

ధర ఒక్కటే చూసుకుని యంత్రాన్ని తయారుచేస్తే ఏమవుతుందో మన దేశానికి బాగానే తెలుసు. 2005లో నికొలస్ నెగ్రొపాంటే అనే ఎంఐటీ ప్రొఫెసరుగారు ప్రపంచంలో ప్రతీ పిల్లాడికీ 100 డాలర్ల లాప్‌టాపు ఇస్తానన్నాడు. 2007లో అది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేసరికి ధర దాదాపు రెట్టింపయ్యింది. మన మానవ వనరుల శాఖ 2006లోనే మాకొద్దని చెప్పేసింది. తర్వాత మనవాళ్ళే ఇంకా చవకగా చేద్దామని కూచుని, 2011 అక్టోబరులో ఆకాశ్ టాబ్లెట్ విడుదల చేశారు. బిగించింది మన హైదరాబాదులోనే. ప్రభుత్వానికి పడిన ధర 2,200 పైచిలుకు. ధర వింటే అద్భుతం. లోపల 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ మెమరీ, వేలితో గట్టిగా నొక్కితే గానీ పలకని తెర. ఏడాది దాటగానే, 2012 నవంబరులో, దానికంటే మెరుగైన ప్రాసెసరూ రెట్టింపు మెమరీతో ఆకాశ్ 2 తేవాల్సొచ్చింది. ఈమధ్య కాలానికొస్తే, 2023లో 16,499 రూపాయలకి జియోబుక్ వచ్చింది. 4 జీబీ మెమరీ, ఫోన్లలో వాడే తరహా ప్రాసెసరు. పాఠాలు వినడానికీ, ఉత్తరాలు టైపు చెయ్యడానికీ సరే. ఇంజనీరింగు పిల్లాడు ఆండ్రాయిడ్ స్టూడియో పెట్టుకుంటానంటే మాత్రం కుదరదు. వీటిని తయారుచేసినవాళ్ళ ఉద్దేశాల మీద నాకు అనుమానమేం లేదు. కాకపోతే ధర ముందు రాసుకుని, దానికి సరిపడా యంత్రాన్ని కుదించుకుంటూ వెళితే, చివరికి మిగిలేది ధర ఒక్కటే.

సరే, మా చెల్లి విషయానికొద్దాం. సీఎస్ఈ అమ్మాయికి నాలుగేళ్ళలో ఏమేం కావాలో ముందు కాగితం మీద రాసుకున్నాం. ఫస్టియరు గడవడానికి ఏదైనా చాలు. సెకండియర్లో జావా, డేటాబేసులు. థర్డియర్లో వెబ్బు ప్రాజెక్టులు, ఆండ్రాయిడ్ స్టూడియో. దీనికి గూగుల్ వాళ్ళే కనీసం 8 జీబీ ర్యాము ఉండాలంటారు, ఎమ్యులేటరు కూడా నడవాలంటే 16 ఉంటే మంచిదంటారు. ఫైనలియర్లో మెషీన్ లెర్నింగు ప్రాజెక్టు ఏదో ఒకటి చేస్తారు (ఈరోజుల్లో చెయ్యకపోతే ప్రాజెక్టే కాదన్నట్టు చూస్తారు). దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలి కదా అంటారు. కావాలి. కానీ గూగుల్ కొలాబ్‌లో ఉచితంగానే జీపీయూ ఇస్తారు. టైము పరిమితులుంటాయి, ఒక్కోసారి దొరకదు, అయినా కాలేజీ ప్రాజెక్టుకి అది చాలు. లాప్‌టాపులో ఉండే 4 జీబీ, 6 జీబీ కార్డుతో పెద్ద మోడళ్ళకి శిక్షణ ఇవ్వడం ఎలాగూ అయ్యే పని కాదు.

ఇవన్నీ కూడితే తేలిందేంటంటే: ఒక మోస్తరు ప్రాసెసరు, 16 జీబీ ర్యాము, 512 జీబీ ఎస్ఎస్‌డీ, చేతులు నొప్పెట్టని కీబోర్డు, కళ్ళు నొప్పెట్టని తెర. మోయగలిగే బరువు. అంతే.

40 వేలలో కొత్తవి వెతికితే ఇవన్నీ ఒకచోట దొరకట్లేదు. ఏదో ఒకటి కోత పడుతుంది. పైపెచ్చు పేర్ల మాయ ఒకటి. ఉదాహరణకి రైజెన్ 5 7520యూ అని ఒక ప్రాసెసరుంది. పేరు చూస్తే 7000 సిరీసు, కొత్తదనుకుంటాం. ఆ నాలుగంకెల్లో మూడోది చూడాలి. అక్కడ 2 ఉంటే లోపలున్నది జెన్ 2 డిజైను, అంటే 2019 నాటిది. అదే 7530యూ అయితే 3, జెన్ 3. పది అంకెల తేడాలో ఒక తరం తేడా ఉంది. ఇది బోర్డు మీద ఎవడూ రాయడు. తప్పుడు సరుకని కాదు, చిన్న పనులకి బాగానే ఉంటుంది, కానీ కొనేవాళ్ళకి తెలిసి కొనాలి కదా. అలాగే "128 జీబీ స్టోరేజీ" అని రాసి లోపల ఈఎమ్ఎమ్‌సీ పెట్టినవి కొన్నుంటాయి. ఎస్ఎస్‌డీకీ దానికీ ఎక్స్‌ప్రెస్సుకీ ప్యాసింజరుకీ ఉన్నంత తేడా.

కాబట్టి నేను బాబాయికి మూడో దారి చెప్పాను. కంపెనీల్లో మూడు నాలుగేళ్ళు వాడి తీసేసిన బిజినెస్ లాప్‌టాపు, రీఫర్బిష్డ్‌ది కొందామని.

ఫోన్లో ఓ నిమిషం నిశ్శబ్దం. తర్వాత బాబాయి అన్నాడు: "ఏరా, ఆడపిల్ల మొదటిసారి ఊరు దాటి చదువుకోడానికి వెళ్తుంటే, ఎవడో వాడి పారేసింది కొనిమ్మంటావా? మేం అంత లేనోళ్ళమయ్యామా?"

నిజం చెప్పాలంటే దీనికి నా దగ్గర స్పెసిఫికేషన్లతో చెప్పే సమాధానం లేదు. పెళ్ళికి పాత చీర పెట్టమన్నట్టుంది ఆయనకి. ఆ మాటని తీసిపారేస్తే సలహా చెప్పే అర్హత మనకి లేనట్టే. అందుకని నేనొకటే అడిగాను. "బాబాయ్, నువ్వు ఆటో కొన్నప్పుడు కొత్తదా పాతదా?" "పాతదే, సెకండ్ హ్యాండు. ఇంజను బాగుందని మేస్త్రీ చూసి చెప్పాడు." "మరి కొత్తది ఎందుకు కొనలేదు?" "కొత్తదాని డబ్బుకి వడ్డీ కట్టుకుంటూ కూచుంటే ఇంక తినేదేంటి?" "ఇక్కడా అంతే బాబాయ్. నేను మేస్త్రీని." నవ్వాడు గానీ పూర్తిగా ఒప్పుకోలేదు. "అమ్మాయిని అడుగు, దానికిష్టమైతే సరే" అన్నాడు.

చెల్లి ఒకటే మాటంది. "అన్నయ్యా, బాగా పనిచేస్తే నాకేం పర్లేదు. కానీ పాతదని క్లాసులో ఎవరికీ తెలియకూడదు."

మనలో మనమాట. మీకు ఆఫీసులో ఇచ్చిన లాప్‌టాపు కొత్తదేనా? నేను ఇప్పటికి రెండు కంపెనీలు మారాను, రెండుచోట్లా నాకిచ్చింది నాకంటే ముందు ఇంకొకరు వాడిందే. మూత మీద అసెట్ ట్యాగు, దాని కింద పాత ట్యాగు పీకిన మరక. రోజుకి పది గంటలు దానిమీదే పనిచేసి జీతం తెచ్చుకుంటున్నాం, ఎవరూ నామోషీ పడలేదు. అదే యంత్రం విద్యార్థి చేతికొచ్చేసరికి "పాతది" అయిపోతుంది. ఈ మాటే చెల్లికి చెప్పాను.

ఇద్దరూ హైదరాబాదు వచ్చారు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటరు) మీకు తెలిసే ఉంటుంది. అక్కడ రీఫర్బిష్డ్ షాపులు బోలెడు. ఇలాంటిచోట కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను, అవసరమొస్తుంది.

మొదటిది ప్రాసెసరు తరం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి పైవే పనికొస్తాయి. దీనివల్ల 6, 7వ తరాల లాప్‌టాపులు మార్కెట్లోకి వెల్లువలా వచ్చి పడ్డాయి, 12 వేలకీ 14 వేలకీ. వాటిజోలికి పోవద్దు. థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5.. ఇవన్నీ 2018 నాటి, 8వ తరం యంత్రాలు. డబ్బు మరీ తక్కువుంటే ఇవి ఆఖరి మెట్టు. ఇంకా నాలుగేళ్ళు వాడాలి కాబట్టి 10, 11 తరాలవి దొరికితే అవే తీసుకోవాలి. కంపెనీలు 2021లో కొన్నవి ఇప్పుడు బయటికొస్తున్నాయి, దొరుకుతాయి.

రెండోది, తాళం పడిందా లేదా. దీన్ని చాలామంది చూడరు. కంపెనీ లాప్‌టాపులు కంపెనీ సర్వరులో నమోదయ్యి ఉంటాయి. తీసేసేటప్పుడు అక్కడినుంచి తొలగించకపోతే, విండోస్ మొత్తం రీసెట్ చేసి వైఫైకి కలపగానే "ఫలానా సంస్థకి స్వాగతం, మీ ఆఫీసు ఐడీతో లాగిన్ అవ్వండి" అని అడుగుతుంది. షాపువాళ్ళు నెట్టు లేకుండా ఇన్‌స్టాల్ చేసి అమ్మేస్తారు. ఎప్పుడో రీసెట్ చేసినప్పుడు బయటపడుతుంది. అందుకని మన ముందే రీసెట్ చేయించి, మన ఫోను హాట్‌స్పాట్‌కి కలిపి చూడాలి. మేం చూసిన మొదటి లాప్‌టాపు సరిగ్గా ఇలాగే ఏదో కంపెనీ పేరు చూపించింది. "అది పర్లేదన్నా, బైపాస్ చేసిస్తా" అన్నాడు షాపతను. మేం పక్క షాపుకి వెళ్ళిపోయాం. బయాస్ పాస్‌వర్డు కూడా ఇలాగే చూసుకోవాలి.

మూడోది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్టులో పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక ఫైలు వస్తుంది. అందులో తయారైనప్పటి కెపాసిటీ, ఇప్పటి కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. ఎనభై శాతం దగ్గర్లో ఉంటే మంచిదే. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలుపుకుని బేరమాడాలి. టచ్‌ప్యాడు కొంచెం పైకి ఉబ్బినట్టుంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం, వెంటనే పక్కన పెట్టెయ్యాలి.

మిగతావి మన మేస్త్రీ చూసినట్టే. తెర మీద తెల్లటి పేజీ, నల్లటి పేజీ పెట్టి మచ్చలున్నాయేమో చూడటం. ప్రతీ మీటా నొక్కడం. మూత పదిసార్లు తెరిచి మూసి కీలు వదులయ్యిందేమో చూడటం. అన్ని పోర్టుల్లోనూ పెన్‌డ్రైవు పెట్టి చూడటం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి ఎస్ఎస్‌డీ ఆరోగ్యం చూడటం. వెనక మూత విప్పించి ర్యాము స్లాట్లు ఎన్నున్నాయో కళ్ళతో చూడటం. జీఎస్టీ బిల్లు, దానిమీద సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోవడం. ఇవన్నీ చేసింది నేను కాదు, చెల్లి. నేను పక్కన నుంచుని చెప్తుంటే తనే చేసింది. నాలుగో షాపుకొచ్చేసరికి నేను చెప్పక్కర్లేకపోయింది. "అంకుల్, వైఫైకి కలపండి ముందు" అని తనే అడుగుతోంది. షాపతను నావైపు చూసి, "చెల్లెలికి జాబిచ్చెయ్యొచ్చు సార్" అన్నాడు :)

చివరికి 11వ తరం ఐ5, 8 జీబీ ర్యాము, 512 ఎస్ఎస్‌డీ ఉన్నది 27,500కి ఇచ్చాడు, ఆర్నెల్ల వారంటీ. ఒక స్లాటు ఖాళీగా ఉంటే ఇంకో 8 జీబీ వేయించాం, 2,100. మొత్తం 29,600. మిగిలిన 10,400 బాబాయి హాస్టల్ మెస్సు అడ్వాన్సుకి కట్టాడు. ఒక మాట. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 ఆఖరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఇప్పుడు కొనేవాళ్ళు "తర్వాత పెంచుకుందాంలే" అనుకోకుండా 16 జీబీ ఉన్నదే వెతుక్కోవడం నయం.

ఇహ ఈఎంఐల సంగతి. "ఇంకో 40 వేలే కదా, నో కాస్ట్ ఈఎంఐలో గేమింగు లాప్‌టాపే తీసుకోండి" అనే సలహా కూడా బాబాయికి వచ్చింది. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకి సర్క్యులర్ ఇచ్చింది. నో కాస్ట్ అంటే ఆ వడ్డీని అమ్మేవాడు డిస్కౌంటు రూపంలో చూపించడం. క్రెడిట్ కార్డు మీదయితే ఆ వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగు ఫీజు మనకే పడతాయి. అయినా అసలు అభ్యంతరం అది కాదు. రెండున్నర కేజీల బరువు, ఇటుకంత చార్జరు, ప్లగ్గు తీస్తే రెండు మూడు గంటలు. హాస్టల్ గదిలో ముగ్గురికి కలిపి ఒక ప్లగ్ బోర్డు. ఇది క్లాసుకి మోసుకెళ్ళే వస్తువు కాదు.

అలాగని అందరూ పాతవే కొనాలని నేననను. సివిలు, మెకానికల్ వాళ్ళకి రెవిట్, సాలిడ్‌వర్క్స్ లాంటివి సొంతంగా నేర్చుకోవాలంటే గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది. వాళ్ళు మాక్‌బుక్ కొనేముందు ఆలోచించాలి, ఎందుకంటే ఆ రెండూ మాక్‌లో నేరుగా నడవవు. ఈసీఈ వాళ్ళకి వివాడో పెట్టుకోవడానికి డిస్కు ఎక్కువ కావాలి. బడ్జెట్ 50, 55 దాటితే మంచి కొత్తవే వస్తాయి, ఏడాది కంపెనీ వారంటీతో నిశ్చింతగా ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, చూసిపెట్టడానికి తెలిసినవాళ్ళు పక్కన లేకపోతే పాతది కొనడం జూదమే. మేస్త్రీ లేకుండా సెకండ్ హ్యాండ్ ఆటో ఎవరూ కొనరు కదా.

చెల్లి మొదటి సెమిస్టరు అయ్యింది. బ్యాటరీ నాలుగు గంటలొస్తోంది. కెమెరా మసక, ఆన్‌లైన్ పరీక్షకి ట్యూబ్‌లైటుకి ఎదురుగా కూచుంటోందట. నవంబరులో ఎవరో దానిమీద టీ ఒలకబోశారు. సగం మీటలు పోయాయి. పిన్ని కంగారుగా ఫోన్ చేసింది. అది బిజినెస్ మోడల్ కాబట్టి కీబోర్డు విడిగా దొరికింది, గుంటూరులోనే 1,500కి గంటలో మార్చి ఇచ్చారు. నాలుగేళ్ళ లెక్క అని నేనంటున్నది దీన్నే. విడిభాగం దొరకడం, దగ్గర్లో బాగుచేసేవాడు ఉండటం.. ఇవి ఏ స్పెసిఫికేషన్ల పట్టికలోనూ కనపడవు.

పాతదని క్లాసులో తెలిసిందా లేదా అని నేనడగలేదు. మూత మీద ట్యాగు పీకిన మరక కనపడకుండా ఒక స్టిక్కరు అంటించుకుంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను, ఇంకా ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్లకి అది చిన్న విషయం కాదు. మన లెక్కలెంత సరైనవైనా, ఆ మరకని రోజూ మోసేది తను, మనం కాదు. సలహా ఇచ్చేటప్పుడు ఇది మనసులో పెట్టుకోవాలి. "కష్టపడి చదువుకునేవాడికి ఏదైతేనేం" అని పెద్దరికం ప్రదర్శించడం చాలా తేలిక, ముఖ్యంగా నెలనెలా జీతం పడేవాళ్ళకి.

ఏతావాతా నేను చెప్పొచ్చేదేంటంటే, వచ్చే జూన్‌లో మీకూ ఫోనొస్తుంది. లింకు పంపకండి. మూడే ప్రశ్నలడగండి. ఏ బ్రాంచి? ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? పాడైతే బాగుచేసేవాడు మీకెంత దూరంలో ఉన్నాడు? రెండో ప్రశ్న మొహమాటంగా ఉంటుంది, అయినా అడగండి. అది తెలిస్తే మీరు చెప్పే సమాధానమే మారిపోతుంది.

ఇంకొకటి. మీ బీరువాలో ఆరేడేళ్ళ నాటి సొంత లాప్‌టాపు ఒకటి మూలుగుతూ ఉంటుంది, నాకు తెలుసు. దాన్ని బయటికి తీసి చూడండి. విండోస్ 11 పడుతుందనుకుంటే డేటా పూర్తిగా చెరిపేసి, ఒక ఎస్ఎస్‌డీ వేయించి, అడిగినవాళ్ళకి ఇచ్చెయ్యండి. ఇచ్చేటప్పుడు మూత మీద మరకలు కూడా శుభ్రంగా తుడవండి.